630 మీటర్ల బ్యాండ్ లాగ్: ఎర్త్ బాగుపడింది, మ్యాచ్ చెడింది

అక్టోబర్ రెండో వారం

630 మీటర్ల హామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) బ్యాండ్‌లో ప్రసారం చేస్తానని, కరెంటు కంపెనీల సంస్థ యూటిలిటీస్ టెక్నాలజీ కౌన్సిల్‌కి పెట్టుకున్న నోటిఫికేషన్‌కి 30 రోజులు నిండాయి. అభ్యంతరం ఏమీ రాలేదు. అమెరికాలో 2017లో ఎఫ్‌సీసీ (రేడియో అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) ఈ బ్యాండ్‌ని హామ్‌లకి తెరిచినప్పుడు పెట్టిన షరతు ఇది. కిలోమీటరు లోపల కరెంటుతో పాటు ఈ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ కూడా మోసే హైటెన్షన్ లైన్లు ఉంటే కుదరదు. ఇక 472 నుంచి 479 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ఈ 7 కిలోహెర్ట్జ్‌లో నేనూ ఉండొచ్చు.

చిన్నప్పుడు ఇంట్లో పొద్దున్నే మోగే హైదరాబాద్ ఎ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్. రేడియో ముల్లు దాదాపు ఎడమ చివరికి వెళ్ళేది. ఇప్పుడు నేను వెళ్ళేది ఆ ముల్లు కూడా చేరని చోటికి. ఇక్కడ పావు తరంగం, అంటే మామూలు నిలువు యాంటెన్నాకి కావల్సిన పొడవే 158 మీటర్లు. మా పెరట్లో ఉన్నవి రెండు పైన్ చెట్లు. వాటి మధ్య నేను కట్టగలిగింది 12 మీటర్ల నిలువు తీగ, దాని పైనుంచి అడ్డంగా 25 మీటర్లు. నార్త్ కరోలినాలోని రాలీకి ముప్పావు గంట దూరంలో ఇల్లు కొన్నప్పుడు ఆ చెట్లని చూసే కొన్నానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంత పొట్టి తీగ కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దాని కెపాసిటెన్స్‌కి మోటు లెక్క ఒకటుంది. నిలువు తీగకి మీటరుకి 6 పికోఫారడ్లు, అడ్డం తీగకి 5. అలా 197 వచ్చింది. 200 అనుకుంటే 475 కిలోహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ (ఏసీకి అది పెట్టే అడ్డు) 1675 ఓమ్‌లు. దాన్ని రద్దు చెయ్యడానికి 560 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి.

అక్టోబర్ చివర

కాయిల్ అయింది. 8 అంగుళాల పీవీసీ పైపు ముక్క మీద 14 గేజ్ ఇన్సులేటెడ్ వైరు, పక్కపక్కనే 52 చుట్లు. వైరు 36 మీటర్లు పట్టింది. మీటరు 520 మైక్రోహెన్రీలు చూపించింది. దాని లోపల 4 అంగుళాల పైపు మీద 20 చుట్లు చుట్టి, చెక్క కడ్డీ మీద తిరిగేలా పెట్టాను. అదే వేరియోమీటర్, అంటే తిప్పి విలువ మార్చుకునే కాయిల్. రెండు కాయిల్సూ ఒకే దిశలో ఉంటే మొత్తం 640, ఎదురెదురుగా ఉంటే 490. మనకి కావల్సిన 560 మధ్యలో ఎక్కడో దొరుకుతుంది.

చెక్క కడ్డీని వార్నిష్‌లో ముంచి రెండు రోజులు ఆరబెట్టాను. యాంటెన్నాలోకి 2 ఆంపియర్లు పోతే కాయిల్ పై చివర 3,350 వోల్టులు, పీక్ చూస్తే 4,700. తడి చెక్క దానికి దారి ఇస్తుంది. ముందు జాగ్రత్తగా ఆ చోటికి పిల్లలు రాకుండా చిన్న కంచె కూడా కట్టాను.

పవర్ యాంప్లిఫయర్ క్లాస్ డి పుష్‌పుల్, అంటే రెండు ట్రాన్సిస్టర్లు స్విచ్‌ల్లా వంతులవారీగా ఆన్, ఆఫ్ అయ్యే రకం. రెండు ఐఆర్‌ఎఫ్540 ఫెట్‌లు (ఆ ట్రాన్సిస్టర్లే), 24 వోల్టుల సప్లై, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 3+3 చుట్లు, సెకండరీ 10. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) మీద 100 వాట్లు, సప్లై నుంచి 4.8 ఆంపియర్లు. అనవసరపు ఫ్రీక్వెన్సీలు ఆపే ఫిల్టర్ హాఫ్‌వేవ్ రకం: 16.8 మైక్రోహెన్రీలు, 6.8 నానోఫారడ్లు, 33.5, మళ్ళీ 6.8, మళ్ళీ 16.8. ముందు కాయిల్‌తోనే మొదలవ్వాలి. కెపాసిటర్‌తో మొదలుపెడితే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే చతురస్రపు వోల్టేజ్ నేరుగా కెపాసిటర్ మీద పడి ఫెట్‌లు అనవసరంగా వేడెక్కుతాయి. ఈ ఫిల్టర్‌లో ఇంకో సుఖం కూడా ఉంది. అటు చివర ఏ ఇంపెడెన్స్ (నిరోధం, రియాక్టెన్స్ కలిసిన అడ్డు) ఉంటే ఇటు ఫెట్‌లకి దాదాపు అదే కనిపిస్తుంది. ఇది తర్వాత పనికొచ్చింది.

నవంబర్ మొదటి శనివారం

ఎర్త్‌కి మూడు రాడ్లు, ఎనిమిది రేడియల్స్ (యాంటెన్నా కింద నుంచి నలుదిక్కులా పరిచే తీగలు), ఒక్కొక్కటి 15 మీటర్లు. ఇక్కడి ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, ఎండితే పలుగు కూడా దిగదు. నానోవీఎన్‌ఏతో (యాంటెన్నా కొలిచే చిన్న మీటరు) కొలవబోతే గీత వణుకుతూనే ఉంది. దగ్గర్లో ఏదో ఏఎం స్టేషన్ తీగలోకి దూరి మీటరుని కుదురుగా ఉండనివ్వడం లేదు. మధ్యరాత్రి దాటాక కాస్త నిలబడింది. రెజొనెన్స్ (తీగ, కాయిల్ రియాక్టెన్స్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే ఫ్రీక్వెన్సీ) దగ్గర మొత్తం నిరోధం 41 ఓమ్‌లు.

ఎఫ్‌టీ240-43 టొరాయిడ్ (ఫెరైట్ రింగు) మీద, యాంప్లిఫయర్ 50 ఓమ్‌లకీ యాంటెన్నా నిరోధానికీ పొత్తు కుదిర్చే మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్: ప్రైమరీ 12 చుట్లు, సెకండరీలో 8 నుంచి 11 వరకు ట్యాప్‌లు. 11వ చుట్టు దగ్గర 50 ఓమ్‌లు 42 అవుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (మ్యాచ్ ఎంత కుదిరిందో చెప్పే అంకె, ఒకటైతే సరిగ్గా కుదిరినట్టు) ఒకటికి దగ్గర. యాంటెన్నా కరెంట్ 1.56 ఆంపియర్లు. ఆ రాత్రి డబ్ల్యూఎస్‌పీఆర్ (బలహీన సిగ్నల్ ఎక్కడెక్కడ వినిపించిందో ఇంటర్నెట్‌లో చూపించే పద్ధతి) పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఒహాయో, ఫ్లోరిడా, న్యూయార్క్ నుంచి రిపోర్టులు. కాఫీ చల్లారిపోయింది.

ఇక్కడే ఆగుంటే బాగుండేది. కానీ లెక్క వేసి చూశాను. ఈ తీగ రేడియేషన్ రెసిస్టెన్స్ (నిరోధంలో నిజంగా రేడియో తరంగాలుగా మారే వాటా) 0.4 ఓమ్. 41లో మిగతా 40 పైచిలుకు మట్టిని, కాయిల్‌ని వేడి చేస్తున్నాయి. గాలిలోకి పోయేది ఒక వాటు, ఈఐఆర్‌పీ (అన్ని దిక్కులకీ సమానంగా పంపే యాంటెన్నాతో పోల్చి చెప్పే పవర్) లెక్కన 3 వాట్లు. మాకున్న పరిమితి 5.

నవంబర్ మూడో వారం

రేడియల్స్‌ని 24కి పెంచాను. ఇది రాసినంత తేలిక కాదు. మా ఆవిడ గోంగూర మళ్ళ మధ్యలోంచి మూడు తీగలు పోవాల్సి వచ్చింది. "ఏమండీ, మీ వైర్లు మీ ఇష్టం. పార పెట్టేది మాత్రం నాకు చెప్పి పెట్టండి" అంది. చెప్పే పెట్టాను. ఒక్క మొక్క పోయింది, దాని గురించి ఇంకా విచారణ నడుస్తోంది.

మొత్తం నిరోధం 41 నుంచి 26 ఓమ్‌లకి పడింది. సంబరంగా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.6! మొదట ఏదో జాయింట్ ఊడిందనుకున్నాను. ఊడలేదు. యాంటెన్నా బాగుపడింది, అందుకే మ్యాచ్ చెడింది. 42 ఓమ్‌ల ట్యాప్‌కి 26 తగిలిస్తే యాంప్లిఫయర్‌కి 31 కనిపిస్తుంది. క్లాస్ డి వోల్టేజ్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి లోడ్ ఓమ్‌లు తగ్గితే ఎక్కువ కరెంట్ లాగుతుంది. సప్లై మీటరు 7.5 ఆంపియర్లు చూపిస్తోంది. రేడియల్స్ పెంచకముందు ఎస్‌డబ్ల్యూఆర్ అందంగా ఉన్నది మట్టి చలవే.

ట్యాప్ మార్చాలి. "రేపు పొద్దున మారుద్దాంలే, ఈ ఒక్క రాత్రికి నడుస్తుంది" అనుకున్నాను. ఆ రాత్రి గాలి లేచింది. రెండున్నరకి గరాజ్‌లోంచి ఫట్‌మని శబ్దం. వెంటనే ఆవిడ గొంతు: "ఏదో కాలిన వాసన వస్తోందండీ!" రెండు ఫెట్‌లూ పోయాయి. ఒకదాని నెత్తిన చిన్న గుంట, హీట్‌సింక్ మీద మసి.

థాంక్స్‌గివింగ్ సెలవులు

గాలికీ ఫెట్‌కీ ఏంటి సంబంధం? నాలుగు రోజులు ఇదే పని. 200 పికోఫారడ్లలో 2 మారాయనుకుందాం. ఒక్క శాతం. రెజొనెన్స్ సుమారు 2.4 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, 17 ఓమ్‌ల రియాక్టెన్స్ వచ్చి చేరుతుంది. 41 ఓమ్‌లు ఉన్నప్పుడు అది పెద్ద లెక్కలోది కాదు. 26 ఉన్నప్పుడు వోల్టేజ్‌కీ కరెంట్‌కీ మధ్య కోణం 33 డిగ్రీలు. ఎర్త్ బాగుపడ్డ కొద్దీ క్యూ (ట్యూనింగ్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) పెరుగుతుంది, యాంటెన్నా అంత సున్నితమవుతుంది. పైన్ చెట్టు ఊగి తీగ బిగిసి పైకి లేచిన ప్రతిసారీ కెపాసిటెన్స్ తగ్గి, రెజొనెన్స్ పైకి జరిగి, లోడ్ కెపాసిటివ్ (కరెంట్ వోల్టేజ్ కన్నా ముందు నడిచేది) అవుతోంది. ఈ రకం యాంప్లిఫయర్‌కి గిట్టనిది అదే. ఒక ఫెట్ ఆన్ అయ్యే క్షణానికి రెండోదాని లోపలి డయోడ్ ఇంకా నడుస్తుంటుంది. దాన్ని బలవంతంగా ఆపినప్పుడు డ్రెయిన్ (ఫెట్ అవుట్‌పుట్ కాలు) మీద స్పైక్ లేస్తుంది. మామూలుగానే డ్రెయిన్ మీద 48 వోల్టులు. నా ఫెట్‌లు తట్టుకునేది 100.

కాబట్టి ముందు స్కోప్‌మ్యాచ్ కట్టాను, అంటే లైన్ వోల్టేజ్‌నీ కరెంట్‌నీ స్కోప్ (ఆసిలోస్కోప్) తెర మీద రెండు గీతలుగా చూపించేది. చిన్న పెట్టెలో రెండు చిన్న టొరాయిడ్లు. ఒకటి లైన్ వోల్టేజ్‌ని 50వ వంతు చేసి స్కోప్ మొదటి చానల్‌కి ఇస్తుంది. రెండోదాని మధ్యలోంచి లైన్ వైరు ఒక్కసారి దూరుతుంది. దాని మీద 50 చుట్లు, ఆ చివరల మధ్య 50 ఓమ్‌ల రెసిస్టర్. అది ఆంపియరుకి ఒక వోల్టు చొప్పున రెండో చానల్‌కి ఇస్తుంది. లోడ్ సరిగ్గా 50 ఓమ్‌లైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. 100 వాట్ల దగ్గర రెండూ 2 వోల్టుల పీక్. ఎత్తులు తేడా ఉంటే నిరోధం తప్పు, పక్కకి జరిగితే ట్యూనింగ్ తప్పు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఈ రెండింటినీ కలిపేసి ఒక్క అంకె చెబుతుంది, ఏ నాబ్ తిప్పాలో చెప్పదు. నా దృష్టిలో ఈ బ్యాండ్‌లో దిగేవాళ్ళు యాంప్లిఫయర్ కన్నా ముందు చెయ్యాల్సింది ఈ పెట్టే.

డిసెంబర్ మొదటి వారం

కొత్త ఫెట్‌లు ఐఆర్‌ఎఫ్640, 200 వోల్టులవి. సప్లై కరెంట్ 6.5 ఆంపియర్లు దాటితే డ్రైవ్ (ఫెట్‌లని ఆన్, ఆఫ్ చేసే సిగ్నల్) ఆగిపోయే ట్రిప్ పెట్టాను. డ్రైవ్ ఆపడంలో ఒక తిరకాసు ఉంది. 951.4 కిలోహెర్ట్జ్ క్లాక్‌ని 74హెచ్‌సీ74 చిప్ సగం చేసి రెండు వైపులకి పంచుతుంది. క్లాక్‌ని ఊరికే ఆపేస్తే ఒక వైపు హైలోనే ఉండిపోతుంది, ఆ ఫెట్ ఆన్‌లోనే నిలబడి సప్లైని షార్ట్ చేస్తుంది. అందుకని ఆ చిప్ ప్రీసెట్, క్లియర్ పిన్‌లు రెండూ ఒకేసారి 'లో' స్థాయికి లాగాలి. అప్పుడు రెండు అవుట్‌పుట్‌లూ హై. తర్వాత ఉన్న టీసీ4426 ఇన్వర్టింగ్ (హైని 'లో' చేసే) డ్రైవర్, కాబట్టి రెండు గేట్‌లూ 'లో', ఫెట్‌లు ఆఫ్. అలా తిరగెయ్యని టీసీ4427 పొరపాటున పెడితే రెండు ఫెట్‌లూ ఆన్! అంకె రెండుసార్లు చూసి సాల్డర్ చెయ్యండి.

ట్యూనింగ్ ఇప్పుడు ఇలా చేస్తున్నాను. సప్లై 12 వోల్టులకి దించితే పవర్ పావు వంతు, ఏం తప్పినా ఏమీ కాలదు. వేరియోమీటర్ తిప్పి గీతల్ని కలుపుతాను. తర్వాత ట్యాప్ మార్చి ఎత్తులు కలుపుతాను (9వ చుట్టు దగ్గర 28 ఓమ్‌లు, సరిపోయింది). చివరగా వేరియోమీటర్‌ని ఒక వెంట్రుకవాసి ఇండక్టివ్ వైపు, అంటే కరెంట్ గీత వోల్టేజ్ గీత కన్నా కాస్త వెనకపడేలా వదులుతాను. గాలికి తీగ లేచినా గీతలు దగ్గరవుతాయి గానీ కెపాసిటివ్ వైపు దాటవు. వాన పడితే కెపాసిటెన్స్ పెరిగి ఇంకా ఇండక్టివ్ అవుతుంది, ఫెట్‌లకి దాని బాధ లేదు. అప్పుడు కాస్త పవర్ తగ్గుతుంది, అంతే.

యాంటెన్నా కరెంట్ 1.96 ఆంపియర్లు. ఈఐఆర్‌పీ 4.6 వాట్లు. మొదటి వారంతో పోలిస్తే 2 డెసిబెల్స్ ఎక్కువ. దానికి 16 రేడియల్స్, రెండు ఫెట్‌లు, ఒక గోంగూర మొక్క ఖర్చు.

డిసెంబర్ 14

రాత్రంతా గాలి, ట్రిప్ ఒక్కసారీ పడలేదు. ఇంకా కిందున్న 136 కిలోహెర్ట్జ్ హామ్ బ్యాండ్‌కి ఇదే తీగ వాడితే ఎలా ఉంటుందో లెక్క వేశాను. కాయిల్ 6.7 మిల్లీహెన్రీలు, అక్కడి పరిమితి ఒక వాటు ఈఐఆర్‌పీ చేరడానికి 3.2 ఆంపియర్లు, కాయిల్ చివర 18,000 వోల్టులు పైనే. మా ఆవిడకి ఈ అంకె ఇంకా చెప్పలేదు.