పారా డ్రెసేజ్‌లో గుర్రం ఏ సైగను నమ్ముతుంది?

పారా డ్రెసేజ్ అంటే వైకల్యం ఉన్న రౌతులు గుర్రంతో నిర్ణీత కదలికలు చేయించే పోటీ. అది చూసినవాళ్లు తరచూ అనే మాట: "రౌతు పరిస్థితి గుర్రానికి ఎంత బాగా అర్థమైందో!" ఆ మాట నాకు మింగుడుపడదు. గుర్రానికి తెలిసేది జాలి కాదు, సైగ. ఒంటి మీద ఈగ వాలితే చర్మం వణికించి తోలేసే జంతువది. రౌతు తుంటి కాస్త ఒరిగినా పసిగడుతుంది. చిక్కల్లా ఏ తాకిడి ఆజ్ఞ, ఏది కాదు అన్న దగ్గరే.

కాళ్లు సహకరించని రౌతు చేతిలో, అనుమతి ఉంటే, రెండు కొరడాలు కనిపిస్తాయి. కొట్టడానికి కాదు. కాలు తగలాల్సిన చోట, జీను పట్టీకి కాస్త వెనక, ఆనించడానికి. ఇది నేర్పాలంటే ముందు శిక్షకుడు ఎక్కుతాడు. మొదట కొరడా తాకించి, ఒక క్షణం ఆగి, అప్పుడు కాలు నొక్కాలి. గుర్రం కదలగానే రెండూ తీసెయ్యాలి. రెండూ ఒకేసారి ఇస్తే అది తనకు తెలిసిన కాలినే పట్టించుకుంటుంది, కొరడా లెక్కలోకే రాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కాలు పూర్తిగా మానేసినా కొరడాకు కదులుతోందంటే, ఇక అసలు రౌతు ఎక్కొచ్చు.

కాలి పట్టు లేకుండా ఎంత దూరం వెళ్లొచ్చో 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లోనే తేలింది. పోలియో వల్ల మోకాళ్ల కింద బలం పోయిన డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్, జూబిలీ అనే ఆడగుర్రంతో వ్యక్తిగత డ్రెసేజ్‌లో రజతం గెలిచింది.

కండరాలు బిగుసుకుపోయే రౌతులది వేరే లెక్క. కాళ్లు గుర్రం పొట్టను అదేపనిగా నొక్కుతుంటాయి. కొత్తలో అది ముందుకు ఉరుకుతుంది, పోనుపోను ఆ ఒత్తిడికి మొద్దుబారుతుంది. 'నడువు' అన్న సైగను అప్పటికే కొరడాకో కూర్చునే తీరుకో మార్చి ఉంటే ఈ మొద్దుబారడం మంచిదే. లేదంటే గుర్రం దేనికీ కదలదు.

బరువు ఒకవైపే పడితే గుర్రం అటే జారి, పోటీ మైదానం మధ్యరేఖ మీద వంకర పోతుంది. పగ్గం లాగితే మెడే వంగుతుంది, ఒళ్లు నేరుగా రాదు. ముందు జీను, రౌతు కూర్చున్న తీరు చూడాలి.

రౌతు వైకల్యం తీవ్రతను బట్టి పోటీలో గ్రేడ్లు ఐదు, 1 అంటే అత్యంత తీవ్రం. గ్రేడ్ 1లో మొత్తం నడకే, 2, 3లో ట్రాట్ (చిన్న పరుగు) కలుస్తుంది, క్యాంటర్ (అంతకంటే వేగంగా సాగే దౌడు) తప్పనిసరయ్యేది ఆ పైన. నడకే కదా అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, గుర్రం బిగుసుకుంటే ముందు చెడేది అదే. నాలుగు డెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి పడే లయ పోయి, ఒకే పక్క ముందు కాలూ వెనక కాలూ దాదాపు జంటగా పడతాయి. మార్కులు అక్కడే పోతాయి. అప్పుడు పగ్గాలు బిగిస్తే ఇంకా పాడవుతుంది. పొడుగ్గా వదిలి, మెడ ముందుకు చాచనిచ్చి, డెక్కల చప్పుడు మళ్లీ నాలుగుగా వినబడ్డాకే మెల్లగా అందుకోవాలి.