15 డాలర్ల లోపల మంచిదేదైనా చెప్పు

శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే మా వైన్ షాపులో అందరూ అడిగేది ఒకటే మాట. "ఇంట్లో చికెన్ చేస్తున్నాం. 15 డాలర్ల లోపల మంచిదేదైనా చెప్పు." 50 డాలర్ల సీసా కొనేవాళ్ళు నన్నేమీ అడగరు. ఏం కావాలో తెలిసే వస్తారు, లేదంటే తెలిసినట్టు నటిస్తారు. అడిగేవాళ్ళంతా వారం జీతంలో లెక్క చూసుకుని ఖర్చు పెట్టే మనుషులు. నర్సులు, బస్సు డ్రైవర్లు, బడి పంతుళ్ళు. వాళ్ళ కూరేమిటో కనుక్కుని, దానికి తగ్గ వైన్ సీసా చేతికిచ్చి పంపడమే ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో నా ఉద్యోగం. మన రూపాయల్లో 15 డాలర్లంటే 800 పైమాటే. అక్కడ మాత్రం అది చవక సరుకు కిందే లెక్క.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. తోతాపురి తోట, గట్టు మీద చింతచెట్లు. ఇంట్లో మందు మాట ఎత్తకూడదు. నేను చిన్నగా ఉన్నప్పుడే నాయన కాణిపాకం పోయి వినాయకుడి ముందు ప్రమాణం చేసి తాగుడు మానేసినాడు. మా వైపు కాణిపాకం ప్రమాణమంటే తమాషా కాదు. కోర్టులో కళ్ళార్పకుండా అబద్ధం చెప్పేవాడు కూడా అక్కడ కోనేట్లో మునిగి నోరు తెరవాలంటే జంకుతాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఫోన్లో "సూపర్ మార్కెట్లో పని" అని చెబుతూ వచ్చాను. మా షాపు సూపర్ మార్కెట్ గోడకు ఆనుకునే ఉంటుంది లెండి.

చదువు వీసా మీద వచ్చినవాళ్ళను రెండు వారాలకు 48 గంటలే పని చేయనిస్తారు. మందు అమ్మాలంటే ముందు ఒక చిన్న కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తూలుతూ వచ్చినవాడికి అమ్మకూడదు, 18 నిండనివాడికి అమ్మకూడదు, అనుమానం వస్తే గుర్తింపు కార్డు అడగాలి. అంతే, రుచి గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. మిగతా పనంతా అట్టపెట్టెలు మోయడం. 12 సీసాల పెట్టె 15 కిలోల దాకా తూగుతుంది. మొదటి నెలలో నాకు వైన్ గురించి తెలిసిందల్లా నడుము నొప్పి.

రుచి నేర్చుకున్నది షాపు వెనక సరుకు గదిలో. కంపెనీల మనుషులు కొత్త సరుకు పరిచయం చేయడానికి తెరిచిన సీసాలతో వస్తారు. నిలబడే తాగాలి, నోట్లో తిప్పి బకెట్లో ఉమ్మాలి. మింగుతూ పోతే నాలుగో సీసాకు అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అక్కడి పెద్దాయన, మా మేనేజరు, ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. వాసనలో ఏ పువ్వుంది, ఏ పండుంది అని నేను తంటాలు పడుతుంటే, "అవన్నీ తరువాత. ముందు బుగ్గల్లో నీళ్ళు ఊరుతున్నాయా లేదా చూడు" అన్నాడు.

ఆ రోజు గ్లాసులో ఉన్నది క్లేర్ వ్యాలీ రీస్లింగ్. క్లేర్ వ్యాలీ అంటే అడిలైడ్‌కు ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం, రీస్లింగ్ అంటే ఒక తెల్ల ద్రాక్ష రకం. ఆ రోజుది తీపి ఏమాత్రం లేని తెల్ల వైన్. నోట్లో పోసుకున్న క్షణంలో నాలుక రెండు పక్కల నుంచీ నీళ్ళు ఊరి దవడల దాకా పాకాయి. ఈ పులుపు నాకు కొత్త కాదే అనిపించింది. నిమ్మ పులుపు చురుక్కుమని పొడిచి పోతుంది, ఇది అట్లా పోలేదు, గుక్క అయిపోయాక కూడా నిలబడింది. చింతపండు నానబెట్టిన నీళ్ళను వేళ్ళతో పిసికి, చారులో పోసే ముందు అమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటుంది చూడండి, అదే ఇది. తరువాత చదివితే సంగతి తెలిసింది. నిమ్మలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, యాపిల్‌లో మాలిక్. ద్రాక్షకు ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. పండ్లలో అది దండిగా ఉండేవి చాలా తక్కువ, వాటిలో చింతకాయ ఒకటి. అంటే మా గట్టు మీది చెట్టు నాకు ఎప్పుడో పాఠం మొదలుపెట్టేసింది. అక్కడివాళ్ళు "చాలా పుల్లగా ఉంది" అని మొహం ముడుచుకునే సీసాలను నేను వెంటనే పట్టుకోగలిగేవాణ్ణి. పులుపు ఎక్కువా, సరిపోయిందా, చప్పబడిందా అనే తేడా చెప్పడానికి మా ఇళ్ళలో ఎవరికీ శిక్షణ అక్కర్లేదు.

ఒకామె తెల్ల వైన్ సీసా వెనక్కి తెచ్చి, అడుగున గాజు పెంకులున్నాయని గొడవ పెట్టుకుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే నిజంగానే మెరుస్తున్నాయి. అవి గాజు కాదు. వైన్ బాగా చల్లబడినప్పుడు అందులోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి స్ఫటికాలుగా అడుగుకు చేరుతుంది, హాని ఏమీ లేదు. ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు, ఇంకో సీసా ఇచ్చి పంపేశాం. వెనక్కొచ్చిన సీసా నా వాటాకు వచ్చింది. వడపోసి తాగాను, స్ఫటికం ఒకటి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఇసుకలాగా కరకరలాడి, మెల్లగా పుల్లబడింది.

ఎర్ర వైన్‌కు ఇంకో లెక్క ఉంది, వగరు. పండు తోలు నుంచీ గింజల నుంచీ దిగే టానిన్ అది. చిగుళ్ళను పట్టేసి నోరు ఆరిపోయేట్టు చేస్తుంది. మాంసం కొవ్వుతో ఉంటే ఆ వగరు అణుగుతుంది. కారంతో ఉంటే రెండూ కలిసి మీద పడతాయి. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ నోట్లో కారాన్ని ఇంకా రగిలిస్తుంది కూడా.

చవక సీసాకు నేను పెట్టే పరీక్ష రెండో గ్లాసు. తీపి మిగిల్చి లోపాలు కప్పెట్టిన వైన్ మొదటి గుక్కలో ఎప్పుడూ గెలుస్తుంది. రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది, అన్నంలోకి అసలు పనికిరాదు. పులుపు సరిగ్గా ఉన్న సీసా మొదట కాస్త బిగదీసుకున్నట్టు ఉండి, తిండితో పాటు దారికి వస్తుంది. నేను చెప్పి పంపేవి ఎక్కువగా ఇవే.

మన తెలుగువాళ్ళు వస్తే మాత్రం నా పరీక్షలు నడవవు. "అన్నా, గృహప్రవేశానికి పోతున్నాం, కొంచెం ఖరీదుగా కనపడేది చూడు" అంటారు. ఖరీదుగా కనపడేదంటే బరువైన సీసా, కార్క్ బిరడా, బంగారు రంగు అచ్చు. గాజు బరువుకూ లోపలి సరుకుకూ సంబంధం లేదని చెప్పినా వినరు. తిప్పే మూత చూస్తే చిన్నచూపు. కానీ క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ చేసేవాళ్ళు కొందరు జట్టుగా 2000 సంవత్సరం పంటకే కార్క్ వదిలేసి తిప్పే మూతకు మారారు. చెడ్డ కార్క్ తగిలితే వైన్‌కు తడిసిన అట్టముక్క వాసన పడుతుంది, ఆ పీడ వదిలించుకోవడానికే. ఇప్పుడక్కడ మంచి మంచి సీసాలకే ఆ మూతలు. దీని మీద వాదించడం నేను మానేశాను. కార్క్ ఉన్నదే చూపించి, లోపల సరుకు బాగున్నది ఏరి ఇస్తాను.

ఇక నాటుకోడి పులుసుకు, రాగి సంగటికి బరోస్సా ప్రాంతపు షిరాజ్ అనే ఎర్ర వైన్ కొనే మనవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ బాధే. అది ముదురు ఎరుపు, 14.5 శాతం ఆల్కహాల్, పైన వగరు. మిరపకాయ కారం మీద అది పడితే పులుసు రుచీ పోతుంది, వైన్ రుచీ పోతుంది. అదే డబ్బుకు గ్రెనాష్ అనే తేలికపాటి ఎర్ర వైన్ కానీ, గులాబీ రంగు రోజే వైన్ కానీ, కొద్దిగా తీపి తగిలే రీస్లింగ్ కానీ తీసుకుంటే కారం సర్దుకుంటుంది. ఎర్ర వైన్ అయినా సరే ఎండాకాలంలో అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. 'గది వేడిమి' అని రాసిన పుస్తకాలు చలి దేశాల గదుల గురించి రాసినవి. అడిలైడ్ గదికీ మా చిత్తూరు గదికీ అది వర్తించదు.

అక్కడ ప్రతి సీసా మీద అందులో ఎన్ని ప్రామాణిక మోతాదులున్నాయో అచ్చు వేయాలి. ఒక మోతాదంటే 10 గ్రాముల ఆల్కహాల్. 13.5 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది ఉంటాయి. వారానికి పది దాటకూడదనీ, ఏ రోజూ నాలుగు మించకూడదనీ అక్కడి జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2020లో సలహా ఇచ్చింది. మేం 'రోజువారీ వైన్లు' అని పెద్దక్షరాలతో బోర్డు పెడతాం కానీ, ఆ లెక్కన ఒక మనిషికి వారానికి ఒక సీసా, పైన ఇంకో గ్లాసు. బోర్డు మీద ఆ మాట ఎవరూ రాయరు.

ఈ వేసవిలో సెలవు పెట్టి వచ్చాను. తిరుపతిలో ఉండే మా బావ ముందే ఫోన్ చేసి "ఒక సీసా తెచ్చిపెట్టు బామ్మర్దీ" అన్నాడు. చెన్నైలో దిగి నేరుగా కొండకు పోవాలని అమ్మ మొక్కు. అలిపిరి దగ్గర పెట్టెలన్నీ స్కానింగ్‌లో పెడతారు, కొండ మీదికి మందు పోకూడదు. అందుకని ఖాళీ చేతులతో దిగాను. బావ ఊరుకోలేదు, బెంగళూరు పోయినప్పుడు నాసిక్‌లో చేసిన షెనాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ఒకటి కొనుక్కొచ్చి పెట్టుకున్నాడట. రాత్రి మిద్దె మీద, మిరపకాయ బజ్జీలతో తెరిచాం.

"బీరులో ఉండే నురగ లేదు, బ్రాందీలో ఉండే ఘాటు లేదు. దీనికి అంత రేటెందుకు నాయనా?" అన్నాడు మొదటి గుక్కకు. బజ్జీ కొరికి, కారం నసాళానికి అంటాక తాగమన్నాను. అందులో లేతగా ఉన్న తీపి కారాన్ని పట్టుకుంది, పులుపు నూనెను కడిగేసింది. బావ ఒప్పుకున్నట్టు చెప్పలేదు కానీ గ్లాసు మళ్ళీ ముందుకు జరిపినాడు.

మన ఊళ్ళలో కొనేవాళ్ళకు నేను చెప్పేది సీసా పేరు కంటే ముందు అంగడి సంగతి. బ్రాందీ, విస్కీలు వచ్చిన వారమే కదిలిపోతాయి, వైన్ మాత్రం అరలో మేనెల ఎండలన్నీ మోస్తూ నిలబడుతుంది. అట్లా ఉడికిన వైన్‌కు తాజా పండు వాసన పోయి ముద్దపాకం వాసన వస్తుంది. సీసాలో నింపిన తేదీ చూసి కొత్తది ఏరుకోండి, ఎండ తగిలే అరలోది ముట్టుకోవద్దు. బెంగళూరు బ్లూ ద్రాక్షతో చేసే తియ్యటి ఎర్ర రకాలు చవగ్గా దొరుకుతాయి. అన్నంలోకి వద్దు, తిన్నాక ఐస్ ముక్కతో కొంచెం అయితే తప్పు పట్టను.

నా ఉద్యోగం సంగతి నాయనకు అక్క ఎప్పుడో చెప్పేసిందట. తిడతాడేమో అనుకున్నా. తోటలో తిరుగుతూ, "అంత చవగ్గా ఎట్లిస్తారప్పా?" అని అడిగినాడు.

చెప్పాను. చవక కావడానికి మంచి కారణాలున్నాయి, చెడ్డ కారణాలూ ఉన్నాయి. రివర్‌ల్యాండ్ అని ముర్రే నది ఒడ్డున ఒక ప్రాంతం. నది నీళ్ళు, చదును నేల, రాత్రిపూట యంత్రాలతో కోత, అందువల్ల ఖర్చు తక్కువ. అక్కడి రెన్‌మార్క్‌లో థామస్ ఆంగోవ్ అనే ఆయన 1965లో అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి పెట్టి వైన్ అమ్మే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. సంచి ముడుచుకుపోతుంది కాబట్టి లోపలికి గాలి దూరదు, తెరిచాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది. పైగా అక్కడ బీరుకూ బ్రాందీకీ పన్ను ఆల్కహాల్ కొలతను బట్టి వేస్తారు, వైన్‌కు మాత్రం టోకు ధరలో 29 శాతం. అందుకే ధర తక్కువైన పెట్టె వైన్ మీద పన్నూ తక్కువే. ఇదంతా సరే. చైనా 2021లో ఆస్ట్రేలియా వైన్ మీద 218 శాతం దాకా సుంకం వేసింది, 2024 మార్చి దాకా తీయలేదు. ఎర్ర వైన్ ట్యాంకుల్లో పేరుకుపోయింది. ఎవరి సరుకో చెప్పని లేబుళ్ళతో సీసాలు మా షాపుకు గుట్టలుగా వచ్చాయి. లోపల ఉన్నది మంచి షిరాజే, నేనే వందల మందికి చెప్పి కొనిపించాను.

"అయితే రైతుకేం మిగిల్తాది?"

"ఏం మిగల్లేదు నాయనా. శానామంది కాయ కొయ్యకుండా తీగకే వదిలేసినారు, కొందరు తీగలే పీకేసినారు."

నాయన ఆగి చెట్టు వైపు చూసినాడు. 2025లో మా తోతాపురి గతి ఇదే. కాయ జాస్తి వచ్చింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత నిల్వ అట్లే ఉంది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అని లెక్క కట్టారు. కాగితం మీద అది బాగానే ఉంది. ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు రోజుల తరబడి ఎండలో నిలబడితే కాయ మెత్తబడదా? మా కాయ సగం అట్లానే పోయింది. గుజ్జు డబ్బా కొన్న ఏ దేశపువాడికో ఆ ఏడు మామిడి రసం చవకైపోయి ఉంటుంది.

"మరి తీగలు పీకేసినోళ్ళు ఏం పెట్టినారంట?" అన్నాడు.

"ఆ పక్క బాదం తోటలు, నారింజ తోటలు జాస్తి."

"బాదం మనకాడ రాదు. నారింజకు వాళ్ళకు టన్నుకెంత గిట్టతా ఉండాదో, నీళ్ళెన్ని కావాలో కనుక్కోని ఫోన్ చెయ్యి" అన్నాడు నాయన.