నాన్న పెన్షన్ అమ్మ పేరుకి మారేదాకా

నాన్న నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. 60 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అవగానే బాబాయి అన్నాడు: "ముందు పెన్షన్ ఆపించరా, లేదంటే పడిన డబ్బు వెనక్కి కట్టమంటారు." ఆ సమయంలో కటువుగా అనిపించింది గానీ, నిజమే.

డిఫెన్స్ పెన్షన్లు దాదాపు అన్నీ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. మరణ ధ్రువపత్రం పెట్టి కబురు తెలిపితే, పీపీఓలో (పెన్షన్ మంజూరు చేసిన ఆర్డరు) భార్యగా నమోదైన ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలి. అమ్మ ఆధార్, పాన్, పాస్‌బుక్ అన్నీ పెట్టాం. తిరిగొచ్చింది. సర్వీసు రికార్డులో అమ్మ పేరు లక్ష్మి, ఆధార్‌లో వెంకటలక్ష్మి. పుట్టిన తేదీ కూడా వేరు. పెళ్లయిన కొత్తలో నాన్న తను పిలిచే పేరే ఫారంలో రాసేశారట.

పాత కాగితాల కోసం నాన్న నల్ల ట్రంకు పెట్టె తీశాం. డిశ్చార్జి బుక్కు, పీపీఓ, అమ్మతో దిగిన జాయింట్ ఫొటో అన్నీ వరసగా ఉన్నాయి. 1983లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒడిశాలోని చిల్కాకి ట్రైనింగ్‌కి వెళ్లారు. తర్వాత జామ్‌నగర్‌లోని నేవీ ట్రైనింగ్ కేంద్రం వల్సురాలో ఎలక్ట్రికల్ పని, ఆపైన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విరాట్. నేను పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నారు. నెలల తర్వాత వచ్చి చూస్తే, గుక్కపట్టి ఏడ్చానట. 'కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, ముంబై' అన్న అడ్రసు అమ్మకి ఇప్పటికీ నోటికొచ్చు. ఆయన రాసిన ఇన్‌లాండ్ లెటర్ల కట్ట కూడా పెట్టెలోనే ఉంది. అన్నిటి మీదా 'లక్ష్మి' అనే. ఆఫీసుకి అవి పనికిరావు, మాకే.

2003లో ఇంటికొచ్చాక కూడా అలవాట్లు పోలేదు. షిప్‌లో మంచినీళ్లు కొలిచి వాడేవాళ్లు కదా, ఇంట్లో కొళాయి కాసేపు వదిలేస్తే ఊరుకునేవారు కాదు. వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా టెస్టర్ పట్టుకుని వెళ్లేవారు, టీ తప్ప ఏమీ తీసుకునేవారు కాదు. 2020లో విరాట్‌ని విడగొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్ తీసుకెళ్తున్నారని టీవీలో చూపిస్తుంటే, "అందులో వైరింగ్ ఎంతుందో వీళ్లకేం తెలుసు" అని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

దారి చూపింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. నెట్ సెంటర్లో ఒకాయన డబ్బులిస్తే అంతా తనే చూసుకుంటానన్నాడు. అవసరమే లేదు, సంక్షేమ కార్యాలయంలో పైసా అడగలేదు. అక్కడి పెద్దాయన కూడా మాజీ సైనికుడే. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్, అమ్మ స్కూలు సర్టిఫికెట్, జాయింట్ ఫొటో కాపీ కలిపి, ముంబై మాన్‌ఖుర్ద్‌లోని నేవీ పెన్షన్ ఆఫీసుకి పంపించారు. కొన్నాళ్లు ఎదురుచూపులు, టెన్షన్. పేరు సరిచేశాక మాత్రం పని చకచకా అయింది. నాన్న పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి ఏరియర్స్ కూడా వేశారు. నాన్న ఉండుంటే 67 ఏళ్లు నిండే రోజుదాకా చివరి జీతంలో సగం లెక్కన వస్తుంది, తర్వాత 30 శాతం.

ఇక అమ్మ ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్‌లో ముఖం చూపించి కళ్లార్పితే చాలు. మొదటిసారి రెప్ప వెయ్యకుండా ఫోన్‌నే చూస్తూ కూర్చుంది. "బతికున్నానని దీనికి కూడా చెప్పుకోవాలా?" అని విసుక్కుంది, చెప్పింది.