అవ్వ కూడా ఉండగలిగే ఎడారి ఇల్లు

సిమ్స్ 4 అనేది ఇళ్లు కట్టి, అందులో సిమ్స్ అనే బొమ్మమనుషుల్ని ఉంచి ఆడే కంప్యూటర్ గేమ్. ఆడేవాళ్లు తాము కట్టినవి పంచుకునే దాని గ్యాలరీలో మిడ్‌సెంచరీ ఇళ్లని, అంటే 1950ల నాటి శైలి ఇళ్లని వెతికితే చాలావాటిలో ఫర్నిచర్ మాత్రమే మిడ్‌సెంచరీ. సన్నకాళ్ల సోఫా, ఆవపిండి రంగు కుర్చీ, గోడమీద కిరణాల గడియారం ఉంటాయి. గోడలూ కప్పూ చూస్తే ఎక్కడైనా కనిపించే ఇల్లే. నాకది సరిపోదు. ఎడారిలో ఆ ఇళ్లకి అంత అందం వచ్చింది ఎండవల్ల. ఎండని ఎటు ఆపాలి, ఎటు రానివ్వాలి అన్నది తేలాకే సోఫా సంగతి.

మేముండేది అరిజోనాలోని చాండ్లర్‌లో. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. అంటే మన లెక్కలో 43 పైమాటే. అందుకే ఎండ గురించి ఇంత పట్టింపు. ఇక్కణ్ణుంచి కారులో నాలుగు గంటలు పోతే కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ వస్తుంది. అక్కడి ట్విన్ పామ్స్ కాలనీ వీధుల్లో తిరిగినప్పుడు ప్రతి ఇల్లూ వేరుగా కనిపించింది. నిజానికి లోపలి ప్లాన్ ఒక్కటే, 40 అడుగులకి 40 అడుగుల చదరం. 1957 ప్రాంతంలో అలెగ్జాండర్ కంపెనీ కోసం ఆర్కిటెక్ట్ విలియం క్రైసెల్ అదే ప్లాన్‌ని ఒక్కో స్థలంలో ఒక్కో వైపు తిప్పి, పైకప్పు మార్చి వేశాడు. ఖర్చు పెరగలేదు, వీధంతా ఒకేలా అనిపించలేదు. ఆ తెలివికి నేను పూర్తిగా పడిపోయాను.

ఆటలో ఒయాసిస్ స్ప్రింగ్స్ అనే ఎడారి ఊళ్లో 30×20 గడుల స్థలం తీసుకుని, ఉన్నదంతా బుల్డోజ్ చేశాను. కుటుంబంలో ఐదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక అవ్వ. ఐదుగురికి మొదట్లో ఆట ఇచ్చేది 28,000 సిమోలియన్లు, అంటే ఆటలోని డబ్బు. ఊరికే డబ్బు తెచ్చిపెట్టే మదర్‌లోడ్ చీట్ కొట్టలేదు. ఆ కాలనీ ఇళ్లు మధ్యతరగతివాళ్లు కొనుక్కోగలిగేలా కట్టినవి కాబట్టి, ఇదీ చేతిలో ఉన్న డబ్బులోనే లేవాలని నా పట్టుదల. గోడలకీ గాజుకీ ముందు పెట్టాను. మంచాలు ఉన్నవాటిలో చవకవి.

కొండలు కనిపించే వైపుని పడమర అనుకున్నాను. ఆ వైపు ఒక్క పెద్ద కిటికీ కూడా లేదు. కార్‌పోర్ట్, బాత్రూములు, బట్టలుతికే గది అన్నీ అటే పెట్టాను. మధ్యాహ్నం ఎండ వాటిని దాటి హాల్లోకి రావాలంటే కష్టం. తూర్పున మాత్రం నేలనుంచి కప్పుదాకా గాజు, దాని ముందు వరండా, ఆ తర్వాత చిన్న పూల్.

ఎక్కువ సమయం తిన్నది కప్పే. క్రైసెల్ వాడిన సీతాకోకచిలుక కప్పు కోసం ఒకవైపే వాలుండే హాఫ్ గేబుల్ కప్పులు రెండు ఎదురెదురుగా పెట్టి, పల్లం రెండూ మధ్యకి వచ్చేలా తిప్పాలి. వాలు బాగా తగ్గించాలి. కాస్త ఎక్కువైనా ఇల్లు ఎగిరిపోతున్నట్టుంటుంది. తర్వాత చూరు. మామూలుగా లాగితే నాలుగు వైపులా ఒకేసారి పెరుగుతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే మనం పట్టుకున్న వైపే వస్తుంది. తూర్పు చూరుని అలా వరండా అంచుదాకా లాగాను. కప్పు ఎత్తుగా లేచినచోట గోడ పైభాగంలో సన్నటి అడ్డ కిటికీలు వరసగా పెట్టాను. వెలుగు పైనుంచి దిగుతుంది, ఎండ ముఖాన కొట్టదు. అనంతపురం పక్కన మా ఊరి మట్టిమిద్దెలో గవాచి, అంటే వెలుగు కోసం పైన వదిలే కంత, చేసే పని కూడా ఇదే. పామ్ స్ప్రింగ్స్‌లో ఆ కిటికీలు చూడగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఇక రాయి. పామ్ స్ప్రింగ్స్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ ఫ్రే 1964లో పూర్తిచేసిన తన సొంత ఇంట్లో కొండమీది బండని కదపకుండా, దాని చుట్టూ గాజు కోసి అమర్చాడు. బండ సగం బయట, సగం లోపల. నాకూ అది కావాలనిపించి, వస్తువుల్ని ఎక్కడైనా పెట్టనిచ్చే బీబీ డాట్ మూవ్‌ఆబ్జెక్ట్స్ చీట్ వేసి, ఒక ఎర్రబండని పెంచి గాజు గోడలోంచి హాల్లోకి తెచ్చాను. పక్కన కూర్చుని చూస్తున్న మావాడు అడిగాడు.

"అమ్మా, ఆ రాయి ఇంట్లోకి ఎట్లొచ్చింది?"

"రాయి రాలేదు నాన్నా, ఇల్లే దాని దగ్గరికి వచ్చింది."

"మరి అవ్వ ఎటునుంచి పోతుంది?"

మంచి ప్రశ్నే. సిమ్స్‌కి నడవడానికి కనీసం ఒక గడి ఖాళీ ఉండాలి. లేకపోతే చేతులూపుతూ అక్కడే నిలబడిపోతారు. వంటింటి వైపు రెండు గడులు వదిలాను, అవ్వ హాయిగా తిరుగుతోంది.

ఆమె గదిని ఇంట్లో అన్నిటికన్నా మంచి చోట పెట్టాను. గది నుంచి వరండాలోకి నేరుగా తలుపు, ఎక్కడా మెట్టు లేదు. నేలని ఎత్తుకీ పల్లానికీ మార్చే ప్లాట్‌ఫామ్‌లు వాడి హాల్‌ని ఒక మెట్టు దించడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు, చూడ్డానికి బాగుంటుంది కూడా. పెద్దవాళ్లున్న ఇంట్లో మాత్రం నేను చెయ్యను. ఒకే అంతస్తు, ఒకే మట్టం నేల అన్నది ఈ ఇళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం. ఆటకి రుతువుల్ని, వాతావరణాన్ని చేర్చే సీజన్స్ ప్యాక్ ఉన్నవాళ్లయితే వరండా నీడని అస్సలు తగ్గించొద్దు, అందులో సిమ్స్‌కి వడదెబ్బ తగిలి ప్రాణం కూడా పోతుంది.

పచ్చిక వెయ్యలేదు. కంకర, కాక్టస్‌లు, పూల్ పక్కన రెండు తాటిజాతి చెట్లు, అంతే. డబ్బు అక్కడితో అయిపోయింది. ఉద్యోగాలు చేసి వాళ్లు సంపాదించాక పిల్లల గదిలో బల్లలు కొనాలి. ఆ తర్వాత పక్క స్థలంలో ఇదే ప్లాన్‌ని తొంభై డిగ్రీలు తిప్పి, ఈసారి చదును కప్పుతో, పెద్దమ్మాయి కోసం ఇంకో ఇల్లు మొదలుపెడతాను.