నెమలికంఠం మెరుపు కోసం వెళ్తే పూలగిన్నె వచ్చింది

నేను ఆ గాజు క్లాసులో చేరింది మెరుపు కోసం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో రోమన్ సీసాలు చూసినవాళ్లకి అదేంటో తెలుస్తుంది. ఒక పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ, కాస్త జరిగితే ఊదా, మధ్యలో బంగారం, మొత్తానికి నెమలికంఠం రంగు. ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా ఆ మ్యూజియం చూపించడం మా ఇంట్లో ఆనవాయితీ. వాళ్లు మమ్మీల దగ్గరికి పరిగెడితే నేను ఈ అరల దగ్గరే ఆగిపోయేదాన్ని. న్యూజెర్సీలో మాకు దగ్గర్లోనే ఒక స్టూడియోవాళ్లు వారాంతాల్లో పాతకాలపు గాజు పద్ధతులు నేర్పుతారని తెలిసి, మా ఆయన ఊఁ అనేలోపే డబ్బు కట్టేశాను.

మొదటి రోజే మా టీచర్ నా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. "ఆ మెరుపు రోమన్లు చూడనే లేదమ్మా" అంది.

విషయం ఏంటంటే, మట్టిలో వందల ఏళ్లు పడి ఉన్న గాజులోంచి తేమ సోడాలాంటి క్షారాలను మెల్లగా లాగేస్తుంది. పైన సిలికా సన్నటి పొరలు పొరలుగా మిగులుతుంది. ఆ పొరల నుంచి తిరిగొచ్చే వెలుతురు ఒకదాంతో ఒకటి కలిసి మనకి ఇన్ని రంగులు చూపిస్తుంది. చెప్పొద్దూ, గాజు చివికిపోతే వచ్చిన అందం అది! తవ్వకాల్లో దొరికిన అలాంటి సీసాలు చూసే అమెరికాలో గాజు కళాకారుడు లూయీ కంఫర్ట్ టిఫనీ మనసు పారేసుకున్నాడు. 1894లో 'ఫావ్రిల్' అన్న పేరు రిజిస్టర్ చేయించి ఆ మెరుపుతో గాజు అమ్మాడు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, లోట్జ్ కంపెనీ అదే దారి పట్టింది. 1904లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌లో ఫ్రెడరిక్ కార్డర్ 'ఆరీన్' అనే మెరుపు గాజు తెచ్చాడు. వీళ్ల కిటుకు, ఎర్రగా కాలుతున్న గాజు మీద తగరం క్లోరైడ్ పిచికారీ చేయడం. ఆ పొగ ఊపిరితిత్తులకి మహా చెడ్డది కాబట్టి కొత్తవాళ్ల క్లాసులో ఆ ప్రసక్తే లేదు.

మరి రోమన్లు ఏం చూసి మురిసిపోయారు అని అడిగితే, రంగు గాజు ముక్కలు పేర్చి కరిగించి చేసిన మొజాయిక్ గిన్నె బొమ్మ చూపించింది. నీలం మీద పసుపు సుడులు, నిన్న చేసినంత నిగనిగ. అప్పటి నుంచీ మెరుపు మీద మోజు సగం తగ్గింది. పూర్తిగా తగ్గిందంటే అబద్ధం.

అలాంటి గిన్నె చేయడంలో మొదటి మెట్టు గాజు కడ్డీ తీయడం. 1100 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలోంచి టీచర్ నీలం గాజు ముద్ద తీసి, దాని చుట్టూ తెలుపు, మళ్లీ నీలం, ఇలా పొరలు వేసి, నొక్కి పువ్వులా మలిచింది. ముద్ద నా పిడికిలికన్నా లావు. రెండో కొసకి ఇనుప కడ్డీ అంటించి నా చేతికిచ్చి "వెనక్కి నడువు, ఆగకు" అంది. నడిచాను. తీగపాకంలా సాగింది. ముఖం మీద సెగ, కింద నేల మీద వరసగా పేర్చిన చెక్కముక్కలు, మధ్యలో పెన్సిలంత సన్నబడుతున్న గాజు. వేగం పెంచితే దారమై తెగుతుంది, తగ్గిస్తే మధ్యలో జారి వేలాడుతుంది. చల్లారాక ఎక్కడ తుంచినా అదే పువ్వు, గోరంత సైజులో. రెక్క ఒక్కటీ చెదరలేదు. ఇటలీలో వెనిస్ పక్కనున్న మురానో ద్వీపంలో ఈ ముక్కల్ని మురీనే అంటారు. మరుగున పడ్డ ఈ పనిని 1870లలో అక్కడి విన్చెంజో మొరెట్టి పాత రోమన్ ముక్కల్ని చూసి మళ్లీ బతికించాడు.

ఆ రాత్రి అమ్మకి వీడియోలో చూపించాను. మా అమ్మ పుట్టిల్లు శ్రీకాళహస్తి పక్క. "ఏమే, దీనికా అన్ని డాలర్లు పోసినావు? పాపానాయుడుపేటలో పూసలోళ్లు గాజు లాగతా ఉంటే మేం చిన్నప్పుడు వాకిట్లో నిలబడి చూసేవాళ్లం" అంది. నిజమే. అక్కడ లాగేది గొట్టం. లాడా అనే పొడవాటి బోలు ఇనుప గొట్టం చివర కరిగిన గాజు పెట్టి, కొలిమిలోంచి సన్నటి గాజు గొట్టాన్ని చేత్తో లాగుతూ పోయి, తర్వాత పూసలుగా తరుగుతారు. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో పూసలు చేసింది కూడా ఇలాగేనని పరిశోధకులు అంటారు. అమ్మ ముందు నా గొప్ప ఇంకేం మిగిలింది!

తర్వాతది ఓపిక పని. కడ్డీని నిప్పర్‌తో చిన్న బిళ్లలుగా తుంచి, కిల్న్‌లో, అంటే గాజు కరిగించే బట్టీలో, అంటుకోకుండా వేసే కిల్న్ పేపర్ మీద గుండ్రంగా, సందు లేకుండా, పువ్వు పైకి కనిపించేలా నిలువుగా పేర్చాలి. మందం దాదాపు 6 మిల్లీమీటర్లు ఉండాలి. బాగా కరిగిన గాజు తనంతట తాను ఆ మందానికే సర్దుకుంటుంది. పల్చగా పేర్చితే ముడుచుకుపోయి మధ్యలో బొక్కలు పడతాయి. ఇంకో సంగతి, ముక్కలన్నీ ఒకే వ్యాకోచ గుణకం ఉన్నవి, అంటే వేడికి ఒకేలా సాగి చల్లారితే ఒకేలా ముడుచుకునేవి కావాలి. ఆ గుణకం 90 ఉన్న గాజు పక్కన 96 ఉన్న గాజు పెడితే వేడి మీద చక్కగా అతుక్కుంటాయి, చల్లారేటప్పుడు చీలతాయి.

కిల్న్ 800 డిగ్రీల దగ్గరికి వెళ్లి గాజును కలిపేస్తుంది. అదంతా కాసేపటి పనే. మేం వాడిన గాజుకి 482 దగ్గర ఓ గంట నిలబెట్టి, అక్కడి నుంచి నత్తనడకన దించడం అసలు పని. లోపల ఒత్తిడి మిగిలితే పగిలేది ఇవాళా కావచ్చు, వచ్చే నెలా కావచ్చు. అందుకే మూత ముట్టుకోవద్దంది టీచర్. అంకెలు చూపించే మీటర్ లేకుండా, మంట రంగు చూసి ఇదంతా నెగ్గుకొచ్చిన రోమన్ల కాలపు పనివాళ్లకి దండం పెట్టాలి.

ముక్కలన్నీ కలిసిపోయి బయటికొచ్చిన పెద్ద బిళ్ల చూడ్డానికి మొద్దుగా, మసకగా ఉంది. నీళ్లు పోస్తూ ముతక పొడి నుంచి మెత్తటి పొడి దాకా ఒక్కో దశలో రుద్దాలి. మోచేతులు పడిపోయాయి, గోళ్ల నిండా బూడిదరంగు బురద. చివర్లో సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టాక నీలం లోతుగా కనిపించింది. ఆ తర్వాత అచ్చు మీద పెట్టి 650 డిగ్రీల ప్రాంతంలో వంచితే గిన్నె అయింది. మేం బోలుగా ఉన్న అచ్చులోకి జార్చాం. రోమన్లు బోర్లించిన అచ్చు మీద వాల్చేవారని పండితుల అంచనా. అంచుకి మెలితిప్పిన చారల కడ్డీ చుట్టడం వాళ్ల ముచ్చట. నేను ఆ జోలికి పోలేదు.

ఎవరైనా చేరదామనుకుంటే రెండు మాటలు అడిగి డబ్బు కట్టండి. కడ్డీ మీచేత లాగిస్తారా, కొనుక్కొచ్చిన ముక్కలే పేర్పిస్తారా? రుద్దడానికి వేరేగా పూట ఇస్తారా, లేదా? చాలాచోట్ల రుద్దుడు పని ఎగ్గొట్టి మళ్లీ కాస్త వేడిచేసి నునుపు తెప్పిస్తారు. మెరుస్తుంది, కాదనను. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నాకు చేత్తో రుద్దినదే నచ్చింది.