టెక్సాస్ పొగపొయ్యిల దారిలో: మాంసం పక్కన ఏం తాగాలి?

డాలస్ నుంచి ఆస్టిన్ వైపు ఐ-35 రహదారి మీద దక్షిణంగా వెళ్ళేవారు సాధారణంగా ఏ ఊళ్ళో బార్బెక్యూ బాగుంటుందో ముందే విచారించుకుని బయలుదేరుతారు. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో స్థిరపడిన మా అక్కయ్య, బావగారు, మేనల్లుడితో కలిసి నేను అదే దారి పట్టినప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న దాని పక్కది. రాత్రంతా కట్టెల పొగలో మగ్గిన మాంసంతో పాటు ఏం తాగితే ఆ మాంసం రుచి నిలబడుతుంది, ఏం తాగితే అణగిపోతుంది అన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది. వేపుడు ఎంత వేగాలి, బిర్యానీకి దమ్ము ఎంతసేపు పట్టాలి అని గంటల తరబడి మాట్లాడుకునే మనం తాగేదాని దగ్గరకు వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఏముంటే అది తీసి ముందు పెట్టేస్తాం. మధ్య టెక్సాస్‌లో జర్మన్, చెక్ వలసదారులు పెట్టిన పాత మాంసం దుకాణాల్లో మాత్రం ఈ విషయంలో తరాల నాటి అలవాటు ఉంది. ఆ అలవాటు వెనుక ఉన్న కారణాలను తింటూ, తాగుతూ అర్థం చేసుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక.

రెండు నగరాలకూ దాదాపు నడిమధ్యన ఉన్న వేకోలో మొదట ఆగాము. ఈ ప్రాంతపు బార్బెక్యూ బల్లల మీద తరచుగా కనిపించే రెండు సోడాలు పుట్టిన ఊరు ఇదే. 1885లో ఇక్కడి ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్న చార్లెస్ ఆల్డర్టన్ అనే ఫార్మసిస్టు డాక్టర్ పెప్పర్‌ను తయారుచేశాడు. 1937లో ఇదే ఊళ్ళో, తరువాతి కాలంలో బిగ్ రెడ్ అని పేరు మారిన ఎర్ర సోడా పుట్టింది. డాక్టర్ పెప్పర్ మ్యూజియం 1906 నాటి బాట్లింగ్ భవనంలో ఉంది. కోలాకూ డాక్టర్ పెప్పర్‌కూ ఉన్న తేడా అక్కడ చల్లటి గ్లాసు చేతిలో పట్టుకుని నెమ్మదిగా తాగినప్పుడు బాగా తెలిసింది. దానిలో ఎండుపండ్ల వాసన, మసాలా వాసన కలిసి ఉంటాయి. తీపి సాస్ పూసిన పంది పక్కటెముకలకు అది చక్కగా అతుకుతుంది కానీ, ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ పట్టించని మాంసం పక్కన దాని వాసనే ముందుకు వస్తుంది. వేకోలోనే బాల్కోన్స్ అనే విస్కీ భట్టీ ఉంది. వారు ఓక్ కట్టెల పొగ పట్టించిన విస్కీ కూడా చేస్తారు. పొగ మాంసానికి పొగ విస్కీయే జోడు అని చెప్పేవారిని చాలామందిని చూశాను, ఆ మాటతో నేను ఏకీభవించను. కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం వేడికి విడిపోయినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలే పొగ వాసనలో ముఖ్యమైనవి. మాంసంలో ఉన్నవే గ్లాసులో కూడా ఉంటే ముక్కు త్వరగా అలవాటు పడిపోయి రెండింటినీ గుర్తించడం మానేస్తుంది. అలాంటి విస్కీని భోజనం పూర్తయ్యాక, విడిగా తాగడమే దానికి ఇచ్చే గౌరవం.

ఆస్టిన్‌కు ఈశాన్యంగా ఉన్న టేలర్‌లో లూయీ ములర్ బార్బెక్యూ 1949 నుంచి నడుస్తోంది. లోపలి గోడలు దశాబ్దాల పొగకు గోధుమ రంగులోకి తిరిగి ఉంటాయి. ఇక్కడ ప్రధానమైనది బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ము భాగపు మాంసం. బాగా పని చేసే కండరం కాబట్టి అది గట్టిగా ఉంటుంది. దాన్ని 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో, పోస్ట్ ఓక్ కట్టెల పొగలో, లోపలి వేడి దాదాపు 95 డిగ్రీలకు చేరేవరకు గంటల తరబడి ఉంచుతారు. అప్పటికి కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది, కొవ్వు ముక్కంతా పాకుతుంది, పైన మిరియాలతో నల్లటి పొర కడుతుంది. దీన్ని రెండు రకాలుగా అడుగుతారు: కొవ్వు తక్కువ ఉన్న పలుచటి భాగం ఒకటి, కొవ్వు నిండిన మందపాటి భాగం మరొకటి. అక్కయ్య గొడ్డు మాంసం తినదు కాబట్టి తనకు టర్కీ కోడి మాంసం తీసుకుని, మిగిలిన ముగ్గురికీ కొవ్వు ఉన్న భాగమే తీసుకున్నాము.

తాగడానికి ఏం కావాలని అడిగినప్పుడు బావగారు చక్కెర లేని ఐస్‌డ్ టీ చెప్పారు. బండి నడిపేది ఆయన కాబట్టి ఆ ఎంపిక తప్పనిసరి అయింది కానీ, బల్ల మీదున్న వాటన్నిటిలో బ్రిస్కెట్‌కు సరిపోయినది అదే అని నా గట్టి అభిప్రాయం. టీలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నోటికి ఒగరునూ పొడితనాన్నీ ఇస్తాయి. కరిగిన కొవ్వు అదే నోటికి జిడ్డు పూత పూస్తుంది. ముక్క తిని గుక్క తాగి, మళ్ళీ ముక్క తింటూ పోతే ఒకదాని అతిని మరొకటి సరిచేస్తుంది. ఘనమైన విందు తరువాత వక్క నమలడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ ఆ ఒగరు భోజనం నడుస్తుండగానే అందుతుంది. అదే టీ అక్కయ్య టర్కీకి పనికిరాలేదు. కొవ్వు లేని మాంసం మీద ఒగరు పడేసరికి అది మరింత ఎండినట్లు అనిపించింది. తను టీ గ్లాసు పక్కన పెట్టి, టెక్సాస్ అంతటా దొరికే టోపో చికో సోడా నీళ్ళ సీసా తెప్పించుకుని, అందులో నిమ్మకాయ పిండుకుంది. మెక్సికోలోని మాంటెరే నగరంలో 1895 నుంచి సీసాల్లో నింపుతున్న ఈ ఖనిజ జలంలో బుడగలు ఎక్కువ, రుచి తక్కువ. పులుపు నోట్లో నీరూరించింది. టర్కీలోని సన్నటి పొగ వాసనకు ఏదీ అడ్డు రాలేదు. ఒకే దుకాణంలో, ఒకే బల్ల మీద రెండు మాంసాలకు రెండు పానీయాలు కావలసి వచ్చాయి. బార్బెక్యూకు ఏది జోడు అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదని, ఏ ముక్కకు అన్నది ముందు తేల్చుకోవాలని నాకు అక్కడే రూఢి అయింది.

మరునాడు ఆస్టిన్‌కు దక్షిణంగా ఉన్న లాక్‌హార్ట్‌కు వెళ్ళాము. ఈ ఊరిని బార్బెక్యూ రాజధానిగా గుర్తిస్తూ టెక్సాస్ చట్టసభ 1999లో తీర్మానం చేసింది. ఇక్కడ క్రూజ్ మార్కెట్ 1900 నుంచి, బ్లాక్స్ 1932 నుంచి ఉన్నాయి. క్రూజ్ వారు 1999లో కొత్త భవనానికి మారినప్పుడు పాత పొయ్యిలోని నిప్పులను తొట్టెలో వేసుకుని వీధి వెంట ఈడ్చుకువెళ్ళి కొత్త పొయ్యి రాజేశారు. పాత భవనంలో ఇప్పుడు స్మిటీస్ మార్కెట్ నడుస్తోంది. వెనుక వైపు నుంచి లోపలికి వెళితే నేల మీదే మండుతున్న కట్టెల పక్కగా నడిచి మాంసం దగ్గరకు చేరాలి. ఈ పాత దుకాణాల్లో ఉన్న ఒక పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మాంసం పొయ్యి దగ్గరే తూచి, కాగితంలో చుట్టి ఇస్తారు. తాగేవి, ఊరగాయ ముక్కలు, ఉల్లిపాయలు వేరే చోట కొనుక్కోవాలి. చేతిలో మాంసం పొట్లం వేడి తగులుతుండగా తాగేది ఎంచుకోవడం వల్ల ఆలోచన సహజంగానే ఆ మాంసం చుట్టూ తిరుగుతుంది.

క్రూజ్ వారి సాసేజ్‌లో, అంటే పేగు తొడుగులో కూరిన మాంసపు ముద్దలో, ఎక్కువ భాగం గొడ్డు మాంసం, కొంత పంది మాంసం. కొరికితే రసం చిమ్ముతుంది, ఉప్పు ముందుగా తగులుతుంది. దానితో నేను షైనర్ బాక్ అనే బీరు తీసుకున్నాను. రంగుకు ముదురుగా ఉన్నా తేలికగా తాగగలిగే లాగర్ ఇది, ఆల్కహాల్ 4.4 శాతమే. మాంసం పైపొర నల్లబడడానికీ, బీరులోని మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, వేగి ముదురు రంగు తేలడానికీ మూలం ఒకే రసాయన చర్య కాబట్టి రెండింటిలోనూ వేగిన వాసన ఒకటి ఉంటుంది. ఆ కలయిక నోటికి హాయిగా ఉంది. హాప్స్ అనే చేదు పువ్వులు దట్టంగా వేసిన బీర్లను ఇప్పుడు అన్నిచోట్లా పెడుతున్నారు గానీ, పొగ మాంసం పక్కన అవి నాకు నచ్చవు. పొగలోనూ, మాడిన మిరియాల పొరలోనూ సన్నటి చేదు ముందే ఉంటుంది. దాని మీద మరో చేదు పడితే మాంసపు తీపి పూర్తిగా కనుమరుగవుతుంది.

హలపేన్యో మిరపకాయలు, చీజ్ కూరిన సాసేజ్ మేనల్లుడు అడిగి తీసుకున్నాడు. మన కారానికి అలవాటు పడిన నోళ్ళే అయినా, వేడివేడిగా తినేసరికి వాడికి మంట ఎక్కింది. వాడి చేతిలో ఉన్నది చల్లటి సోడా. "మామయ్యా, తాగేకొద్దీ మంట పెరుగుతోంది" అన్నాడు. అది నిజమే. మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో కరగదు, సోడాలోని కార్బానిక్ ఆమ్లం తన వంతు చురుకును జోడిస్తుంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ మాత్రం క్యాప్సైసిన్‌ను పట్టి నోటి నుంచి తొలగిస్తుంది. ప్రయాణాల్లో అక్కయ్య ఎప్పుడూ తెచ్చే మజ్జిగ ఫ్లాస్కు కారులో ఉంది. 1894లో కట్టిన కోర్టు భవనం దగ్గర బెంచీ మీద కూర్చుని వాడు గ్లాసుడు మజ్జిగ తాగాక మిగిలిన సాసేజ్ ఇష్టంగా పూర్తి చేశాడు. మిరప కలిసిన పొగ మాంసానికి చిక్కటి, కొద్దిగా ఉప్పు వేసిన మజ్జిగను మించిన తోడు లేదని నేను నమ్ముతాను. అమెరికాలోని మన ఇళ్ళలో పెరటి గ్రిల్ వెలిగించే రోజున అది బల్ల మీద తప్పక ఉండాలి.

లాక్‌హార్ట్‌కు దక్షిణంగా కొద్ది దూరంలో లూలింగ్ ఉంది. అక్కడి సిటీ మార్కెట్‌లో మాంసం కోసం వెనుక ఉన్న పొగ గదిలోకి వెళ్ళాలి. ఆవాల ఘాటు తగిలే వారి సాస్‌తో పంది పక్కటెముకలు తింటూ, ఈ ప్రాంతపు అలవాటు ప్రకారం బిగ్ రెడ్ తాగాను. ఒంటరిగా తాగితే అది నాకు మరీ తీపి. వెనిలా వాసన, నారింజ, నిమ్మ నూనెల ఛాయ, కళ్ళను పట్టేసే ఎరుపు ఉంటాయి. కానీ ఉప్పు, మిరియాలు, ఆవాల పులుపు ఒకవైపు నిలబడినప్పుడు, గ్లాసు నిండా ఐసు ఉన్నప్పుడు ఆ తీపికి అర్థం వచ్చింది.

ఆ ఎరుపుకు ఎంతో లోతైన చరిత్ర ఉంది. 1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో సైన్యాధికారి గోర్డన్ గ్రేంజర్ బానిసలందరూ స్వేచ్ఛాజీవులని ప్రకటించాడు. ఆ రోజును జూన్‌టీన్త్ పేరుతో నల్లజాతివారు తరతరాలుగా బార్బెక్యూతో, ఎర్రటి పానీయాలతో జరుపుకుంటూ వచ్చారు. 2021లో అది దేశవ్యాప్త సెలవు దినమైంది. ఎర్ర పానీయపు మూలాలను చరిత్రకారులు పశ్చిమ ఆఫ్రికాలో మందార జాతి మొక్కతోనూ, కోలా కాయలతోనూ చేసే పానీయాల్లో చూస్తారు. ఆ మందార జాతి మొక్క మన ఎర్ర గోంగూరే. మనం దాని ఆకును పచ్చడికీ పప్పుకూ వాడుకుంటే, వారు పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ కండ పట్టి ఎర్రబడే తొడుగులను ఎండబెట్టి నీళ్ళలో మరిగిస్తారు. మెక్సికన్లు అదే పానీయాన్ని ఆగ్వా దే హమైకా అంటారు, టెక్సాస్‌లోని టాకో దుకాణాల్లో పెద్ద గాజు జాడీల్లో పెట్టి అమ్ముతారు. ఆ సాయంత్రం ఒక టాకో దుకాణంలో దాన్ని తాగి, పొట్లంలో మిగిలిన పక్కటెముకలు కారులో రుచి చూశాను. తీపి, పులుపు, టీలో ఉండేలాంటి సన్నటి ఒగరు అన్నీ ఒకే గ్లాసులో అందాయి. కొవ్వును తేలిక చేసే పనిలో అది బిగ్ రెడ్ కంటే ఎంతో ముందుంది.

గొంజాలెస్ మీదుగా వెళ్ళి షైనర్ ఊళ్ళో స్పోట్‌జెల్ బీరు కర్మాగారం చూశాము. 1909లో మొదలైన ఈ కర్మాగారాన్ని బవేరియా నుంచి వచ్చిన కాస్మోస్ స్పోట్‌జెల్ తన చేతిలోకి తీసుకుని చెక్, జర్మన్ రైతుల రుచికి తగిన బీరు కాచాడు. మద్యనిషేధ కాలంలో ఐసూ, ఆల్కహాల్ దాదాపు లేని తేలిక బీరూ అమ్మి నిలబడ్డారు. బాక్ రకాన్ని ఒకప్పుడు ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే లెంట్ ఉపవాసాల కాలంలోనే చేసేవారు, 1973 నుంచి ఏడాది పొడవునా చేస్తున్నారు. సాసేజ్ చేసినవారూ, ఈ బీరు కాచినవారూ ఒకే ప్రాంతాల నుంచి వచ్చి ఇరుగుపొరుగు ఊళ్ళలో స్థిరపడినవారు కావడం వల్లనే, లాక్‌హార్ట్ బల్ల మీద ఆ రెండూ అంత చక్కగా కలిశాయి.

ఇర్వింగ్ చేరాక మెక్సికన్ కిరాణా దుకాణంలో ఎండు హమైకా కొన్నాము. లీటరు నీటికి గుప్పెడు వేసి, అయిదు నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లారనిచ్చి వడకట్టాము. బెల్లం వేస్తే దాని వాసన పొగకు అడ్డుపడింది, పంచదారే మేలనిపించింది. అది కూడా శీతల పానీయంలో వేసే దానిలో సగానికి మించకూడదు. బావగారు పెరట్లో ఓక్ చెక్కల మీద కాల్చిన మేక పక్కటెముకలకు అల్లం వెల్లుల్లి ముద్ద మానేసి, ఉప్పు, మిరియాలు మాత్రం పట్టించారు. పెద్దలకు ఆ ఎర్రటి పానీయంలో నాలుగు ఐసు ముక్కలు, నిమ్మచెక్క వేసి ఇచ్చాము. కారం పూసిన కోడి ముక్కలు తీసుకున్న పిల్లలకు మజ్జిగ పోశాము.