ఏ వేలు?

తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసింది. ఈమధ్య నన్ను లేపేది అలారం కాదు, కుడి చెయ్యే. భుజం వెనక నుంచి మోచేతి దాకా ఒకటే లాగుడు. చూపుడువేలు, మధ్యవేలు మాత్రం నావి కానట్టు మొద్దుగా పడి ఉన్నాయి. చెయ్యెత్తి నెత్తి మీద పెట్టుకుని పడుకున్నాను. కాసేపటికి లాగుడు నెమ్మదించింది. ఇది నాకెవరూ నేర్పలేదు. ఓ రాత్రి నొప్పికి తట్టుకోలేక అటూ ఇటూ దొర్లుతుంటే దానంతటదే దొరికింది. డాక్టరుగారికి చెబితే, "అలా పెడితే నరం మీద ఒత్తిడి తగ్గుతుందమ్మా, చాలామంది ఇదే మాట చెబుతారు" అన్నారు.

ఇదంతా రెండో యాక్సిడెంట్ తర్వాత మొదలైంది. మొదటిది రెండేళ్ళ కిందటిది. పది రోజులు మెడ పట్టేసి వదిలేసింది. అందుకే అయిదు నెలల కిందట రెండోది జరిగినప్పుడు కూడా అంతేలే అనుకున్నాను. నా కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. పక్క అద్దంలోకి చూస్తున్నాను, అంటే తల కొంచెం తిరిగి ఉంది. వెనక నుంచి వచ్చిన కారు గుద్దింది. బంపర్ సొట్ట పడింది, అంతే. ఒంటి మీద గీత కూడా లేదు. ఆ రాత్రి మామూలుగానే పడుకున్నాను. తెల్లారి లేస్తే మెడ తిరగలేదు.

వెనక నుంచి గుద్దినప్పుడు సీటు ఒంటిని ముందుకి నెడుతుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. మరుక్షణం అదీ ముందుకి విసురుగా వస్తుంది. నాలుగున్నర, అయిదు కిలోల తల. ఆ విసురంతా మోయాల్సింది మెడే. కారుకి పెద్దగా ఏమీ కాలేదు కాబట్టి మనిషికీ ఏమీ కాలేదనుకోవడం ఎంత పొరపాటో ఇప్పుడు తెలుస్తోంది.

మూడో వారంలో వేళ్ళ తిమ్మిరి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉందన్నారు. "ఏమీ లేదన్నారు కదక్కా, ఎక్కువ ఆలోచించకు" అన్నాడు తమ్ముడు. వాడు నా మంచికే అన్నాడు. నేనూ నమ్మేశాను, టెన్షన్ వల్లే అయ్యుంటుందని. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ డిస్కులు (పూసల మధ్య ఉండే మెత్తలు), నరాలు కనిపించవని అప్పుడు తెలియదు. రెండు నెలలు అలాగే గడిచాయి. అడిగినవాళ్ళందరికీ "చెయ్యి తిమ్మిరెక్కుతోంది" అనే చెప్పేదాన్ని. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నొప్పి కన్నా, నా ఒంటి మాట నేనే నమ్మలేదన్న బాధ ఎక్కువ.

ఆ తర్వాత వెళ్ళిన ఈ డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "ఏ వేలమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. కళ్ళు మూసుకోమని దూదితో ఒక్కో వేలూ తాకారు. బొటనవేలు తెలిసింది. చిటికెన వేలు తెలిసింది. మధ్యవేలి దగ్గరకొచ్చేసరికి దూది ఉందో లేదో చెప్పలేకపోయాను. తర్వాత మోచెయ్యి మడిచి, తన అరచేతిని గట్టిగా నెట్టమన్నారు. ఎడమ చెయ్యి నిలబడింది, కుడిది జారిపోయింది. చిన్న సుత్తితో మోచేతి వెనక తడితే ఎడమ చెయ్యి చటుక్కున ఎగిరింది, కుడిది కదిలీ కదలనట్టు కదిలింది. మెడలో ఏడు పూసలు, ఎనిమిది జతల నరాలు ఉంటాయట. వాటిలో వేళ్ళ దాకా వచ్చే ఒక్కో నరానికీ తన వేళ్ళు, తన కండరాలు. "ఆరు, ఏడు పూసల మధ్య డిస్కు ఏడో నరాన్ని నొక్కుతోందని నా అనుమానం" అన్నారు. ఎమ్మారైలో సరిగ్గా అదే వచ్చింది. రిపోర్టు పట్టుకుని వరండాలో కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఇన్నాళ్ళకి నా నొప్పికి ఒక చోటు దొరికిందని.

ఇలాంటివి చాలావరకు ఆపరేషన్ లేకుండానే వారాల్లోనో నెలల్లోనో తగ్గుతాయన్నారు. రోజంతా కాలర్ పెట్టుకుని మెడని కదపకుండా ఉంచొద్దన్నారు. ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పారు. రెండు చేతులూ పట్టు తప్పినా, నడకలో తూలినా, మూత్రం మీద అదుపు పోయినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే హాస్పిటల్‌కి రావాలి. అది వెన్నుపాము మీద ఒత్తిడట. కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించాను.

ఇవాళ జాకెట్టు హుక్సు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. చూపుడువేలికి హుక్కు తగులుతోంది, అయినా పల్చటి గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టు ఉంది. కింది నుంచి మూడోది రెండుసార్లు జారింది. కళ్ళతో చూసుకుంటూ పెట్టుకున్నాను.

ఫిజియోథెరపీలో గడ్డం లోపలికి లాక్కోవడం, తర్వాత గోడకి ఎదురుగా నిలబడి చేతులతో నెట్టడం. పోయిన నెల మూడుసార్లకే కుడి మోచెయ్యి వణికేది. ఇవాళ ఎనిమిది చేశాను. మెడ దగ్గర నొప్పి కాస్త పెరిగిందని చెబితే ఆ అమ్మాయి దిగులుపడలేదు. "వేళ్ళలో తగ్గి మెడలో తెలుస్తోందా? అయితే మంచిదే మేడమ్, నొప్పి కింద నుంచి పైకి రావాలి" అంది. ఇన్నాళ్ళూ మెడ నొప్పి పెరిగినప్పుడల్లా కంగారుపడ్డాను!

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు డ్రైవ్ చేశాడు. ఎక్కగానే హెడ్‌రెస్ట్ పైకి జరిపాను. దాని పై అంచు నా నడినెత్తికి సమానంగా, తల వెనక్కి దగ్గరగా ఉండేలా. ఇంతకుముందు ఏ కార్లోనూ దాన్ని ముట్టుకోనేలేదు. సిగ్నల్ దగ్గర ఆగగానే వెనక ఏదో కారు దగ్గరకొచ్చిన చప్పుడు. నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. వాడు చూశాడు. ఏమీ అనలేదు, అద్దంలోకి ఓసారి చూసి, "ఆగింది అక్కా" అన్నాడు.

కాసేపయ్యాక, "ఇవాళ ఏ వేలు?" అని అడిగాడు.

"చూపుడువేలు కొస దాకా తెలుస్తోందిరా. మధ్యవేలే ఇంకా."